అంగుళానికి 85 లీటర్లు: మా ఇంటి నీళ్ల పద్దు

2024 మార్చిలో ఒక ఆదివారం పొద్దున బోరు మోటారు వేస్తే పైపులోంచి ముందు ఎర్ర నీళ్లు వచ్చాయి, ఆ తర్వాత గాలి. బుస్సుమని చప్పుడు, చెంబెడు నీళ్లు, మళ్లీ గాలి. మా వారు స్విచ్ ఆపేసి కాసేపు అక్కడే నిలబడిపోయారు. మా బోరు 650 అడుగులు. 2011లో ఇల్లు కట్టినప్పుడు వేయించాం. ఎండాకాలంలో నీళ్లు తగ్గడం ఏటా చూస్తున్నదే గానీ, అసలు రాకపోవడం అదే మొదటిసారి.

మాది హయత్‌నగర్ దగ్గర 200 గజాల స్థలం. కింద మేం నలుగురం ఉంటాం: నేను, మా వారు, అత్తమ్మ, తొమ్మిదో తరగతి చదివే పాప. పైన కిరాయికి ఉన్నవాళ్లు ముగ్గురు. నల్లాలో కృష్ణా నీళ్లు రోజు విడిచి రోజు గంటసేపు వస్తాయి. ఆ గంటలో సంపులోకి వెయ్యి లీటర్ల దాకా చేరతాయి. మిగతా అవసరమంతా బోరే తీర్చేది. అది ఆగిపోయేసరికి ఐదు రోజులకొక ట్యాంకర్ తెప్పించుకోక తప్పలేదు. 5000 లీటర్ల ప్రైవేటు ట్యాంకర్‌కి మార్చిలో 1000 రూపాయలు ఇచ్చాం, ఏప్రిల్ వచ్చేసరికి 1400 అడిగారు. డబ్బు సంగతి అలా ఉంచితే, అది వస్తుందా రాదా అన్న టెన్షన్ ఇంకా పెద్దది. రాత్రి పదకొండున్నరకు డ్రైవర్ ఫోన్ చేసి "మేడం, గేటు తియ్యండి" అంటే నిద్రలోంచి లేచి వెళ్లేవాళ్లం. అదే నెలలో బెంగళూరు వార్తలు కూడా. అక్కడ తాగునీళ్లతో కారు కడిగినా, మొక్కలకు పోసినా 5000 రూపాయల జరిమానా అని టీవీలో చెబుతుంటే పాప నా వైపు చూసింది. అప్పుడే నేను పైపుతో మొక్కలకు నీళ్లు పట్టి లోపలికి వచ్చాను.

అందరిలాగే మాకూ మొదట తట్టింది ఇంకో బోరు. బోర్లు వేసేవాళ్లని పిలిస్తే, కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని స్థలమంతా తిరిగి, ఈశాన్యం మూల చూపించి, 1200 అడుగులు పోతే నీళ్లు గ్యారంటీ అన్నారు. కేసింగ్, మోటారు, కేబుల్ అన్నీ కలిపి రెండు లక్షలు దాటింది. మా వీధిలోనే మూడిళ్ల అవతల ఆ ఎండాకాలమే 1100 అడుగులు వేశారు, దుమ్ము తప్ప ఏమీ రాలేదు. మనది రాతి నేల. హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైట్, దానికి పగుళ్లు ఉన్నచోటే నీళ్లు. పగులు తగలకపోతే ఎంత లోతుకు పోయినా రాయే. పైగా నీళ్లు, భూమి, చెట్ల రక్షణ కోసం తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం కొత్త బోరుకు అనుమతి తీసుకోవాలి. ఆ కాగితాల సంగతి ఆ వచ్చినవాళ్లు ఎత్తనే లేదు.

నేను బడిలో లెక్కలు చెబుతాను. ఆ రాత్రి అన్నాలు తింటున్నప్పుడు ఒక మాట అడిగాను: అసలు మన ఇంటికి రోజుకు ఎన్ని నీళ్లు పడుతున్నాయి? ఎవరి దగ్గరా జవాబు లేదు. పాలు ఎన్ని లీటర్లో తెలుసు, కరెంటు ఎన్ని యూనిట్లో తెలుసు, గ్యాస్ బండ ఎన్ని రోజులు వస్తుందో తెలుసు. నీళ్లు మాత్రం తెలియదు. 2021 జనవరి నుంచి నగరంలో ఇంటి నల్లాకు నెలకు 20 వేల లీటర్ల దాకా బిల్లు లేదు. బోరు నీళ్లకు బిల్లు అన్న మాటే లేదు. బిల్లు లేని వస్తువుకి లెక్క రాయాలని ఎవరికీ అనిపించదు. రెండు లక్షలు పెట్టి భూమిలోకి బొక్క వేసే ముందు, ఉన్న నీళ్లు ఎటు పోతున్నాయో ఒక వారం చూద్దాం అన్నాను. మా వారు సరేనన్నారు.

మా సంపు ఆరడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, ఆరడుగుల లోతు. అంటే నీటిమట్టం ఒక అంగుళం దిగిందంటే 85 లీటర్లు పోయినట్టు. కర్టెన్లకు వాడే పాత అల్యూమినియం రాడ్డు ఒకటుంటే దాని మీద పాప పర్మనెంట్ మార్కర్‌తో అంగుళాలు గీసింది. రోజూ పొద్దున ఆరింటికి పైట్యాంకు నిండా నింపి, నింపకముందు ఒకసారి, నింపాక ఒకసారి సంపులో రాడ్డు దింపి చూడటం, పాత క్యాలెండర్ వెనక రాయడం. పైట్యాంకు నిండటానికి సంపులో ఎన్ని అంగుళాలు తగ్గితే, ముందురోజు అన్ని నీళ్లు వాడినట్టు. ఇంతకంటే సులువైన మీటరు ఉండదు.

వారం సగటు 18 అంగుళాలు వచ్చింది. 1530 లీటర్లు. ఏడుగురికి పంచితే తలకు 218. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు అని నీటి సరఫరా పథకాలకు లెక్క వేస్తారు. మేం ఎవరం ఈత కొట్టడం లేదు, ఇంట్లో టబ్బు స్నానాలు లేవు. మరి తలకు 80 లీటర్లు ఎక్కడ పోతున్నట్టు?

మొదటి దొంగ రాత్రిపూట దొరికింది. పైవాళ్లకు ముందే చెప్పి, ఒక శనివారం రాత్రి పదకొండు నుంచి పొద్దున ఐదు దాకా ఎవరం నీళ్లు ముట్టుకోలేదు. పదకొండింటికి పైట్యాంకు నిండుగా ఉంది. ఐదింటికి మా వారు టార్చ్ వేసి చూస్తే నాలుగు వేళ్ల మేర దిగిపోయింది. ఇంట్లో ఏ నల్లా కారడం లేదు. గోడలకు చెమ్మ లేదు. ఇక మిగిలింది ఫ్లష్ ట్యాంకులే. తెల్లబట్టలకు వేసే నీలిమందు తెచ్చి ఒక్కో ఫ్లష్ ట్యాంకులో మూతెడు పోసి, ఫ్లష్ చేయకుండా అరగంట ఆగాం. మా బాత్రూమ్‌లో ఏమీ లేదు. అత్తమ్మ గది బాత్రూమ్‌లో కమోడ్ తెల్లటి గోడ మీద సన్నగా, దారమంత నీలం గీత, నిలబడకుండా కిందికి జారుతూ ఉంది. వంగి చెవి పెడితే కూడా చప్పుడు లేదు. పైవాళ్ల బాత్రూమ్‌లో అంతకంటే వెడల్పైన గీత. ఎన్నాళ్ల నుంచి అలా పోతోందో! పగలు, రాత్రి, మేం బడికి వెళ్లినప్పుడు, ఊరెళ్లి తాళం వేసినప్పుడు కూడా.

లోపల రబ్బరు వాషర్లు గట్టిపడి, అంచులు చిట్లి ఉన్నాయి. బోరు నీళ్లలోని సున్నం పేరుకుని సరిగా మూసుకోవడం లేదు. వాషర్లు ఒక్కోటి 60 రూపాయలు. పైది మాత్రం లోపలి సెట్టు మొత్తం మార్పించాం. అప్పుడే చిన్న బటన్, పెద్ద బటన్ ఉండేది పెట్టించాం. చిన్నదానికి మూడు లీటర్లు, పెద్దదానికి ఆరు. మర్నాడు రాడ్డు దింపితే 15 అంగుళాలు. రెండు రబ్బరు ముక్కల వల్ల రోజుకు 250 లీటర్లు. నాకు సంతోషం కంటే దుఃఖమే ఎక్కువ కలిగింది. ఆ నీళ్ల కోసం కదా మేం అర్ధరాత్రి గేటు తీసింది.

రెండోది పైట్యాంకు పొంగడం. మా మోటారు నిమిషానికి దాదాపు 50 లీటర్లు ఎక్కిస్తుంది. మోటారు వేసి ఫోన్ మాట్లాడుతూ పది నిమిషాలు మరిచిపోతే 500 లీటర్లు మోరీలోకి. ఎవరి ఇంట్లోనైనా ఇది జరిగేదే. ట్యాంకు నిండగానే మోటారు ఆగిపోయే ఫ్లోట్ స్విచ్ పెట్టించాం. దానితో ఇంకో అంగుళం తగ్గింది.

ఇక్కడ అత్తమ్మ గురించి చెప్పాలి. ఆమెది దేవరకొండ వైపు ఒక పల్లె. నల్లగొండ జిల్లా ఫ్లోరైడ్ నీళ్ల సంగతి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఆమె పళ్ల మీద ఇప్పటికీ ఆ గోధుమరంగు గార ఉంది. హైదరాబాద్‌కి వచ్చే కృష్ణా నీళ్లు ఆ వైపు నుంచే వస్తాయి. నాగార్జునసాగర్ వెనక నుంచి ఎత్తి, అక్కంపల్లి రిజర్వాయర్‌లో నిలిపి, కోదండాపురంలో శుద్ధి చేసి, వంద కిలోమీటర్లకు పైగా పంపులతో నెట్టి మన నల్లా దాకా తెస్తారు. నీలం గీత చూసిన రోజు అత్తమ్మ మంచం మీద కూర్చుని అంది: "ఈ నీళ్లు ఏడికెల్లి వస్తున్నయో ఎరుకేనా బిడ్డా? మా దిక్కుకెల్లి. మాకు తాగనీకి లేకుండె. బోరింగు కాడ బిందె కోసం పొద్దుగాల నాలుగింటికి లైన్ల నిలవడుదుము. గవే నీళ్లు నా అర్రలకెల్లే పోయినయా?" ఆమె కోపంగా అనలేదు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

మర్నాటి నుంచి వంటింట్లో ఆమె పద్ధతే మాకు పద్ధతి అయింది. ఒక వెడల్పాటి గిన్నెలో రెండు చెంబుల నీళ్లు పోస్తుంది. అందులో ముందు కొత్తిమీర, కరివేపాకు కడుగుతుంది. అవే నీళ్లలో టమాటాలు, బెండకాయలు. అవే నీళ్లలో చివరికి మట్టి ఉన్న ఆలుగడ్డ, చామగడ్డ. ఏదైనా ఇంకోసారి కావాలంటే చేతిలో నీళ్లు పట్టి పైనుంచి చల్లుతుంది, అంతే. ఆ గిన్నె వంటింటి గుమ్మం పక్కన పెడితే సాయంత్రానికి కరివేపాకు చెట్టుకు పోతుంది. బియ్యం కడిగిన నీళ్లు వేరే డబ్బాలోకి. నేను నల్లా తిప్పి దాని కింద పట్టుకుని కడిగేదాన్ని. ఇద్దరి చేతులూ చేసేది ఒకే పని, తేడా నాలుగు బకెట్లు.

నల్లాల మూతికి ఏరేటర్లు కూడా బిగించాం, అంటే నీళ్లలో గాలి కలిపి ధార తగ్గించే చిన్న జాలీలు. అంతకుముందు మా సింక్ నల్లా లీటరు చెంబును ఐదు సెకన్లలో నింపేది, ఇప్పుడు పదిహేను సెకన్లు పడుతుంది. చెయ్యి కడుక్కోవడానికి ఆ ధార చాలు. బోరు నీళ్లున్న ఇళ్లలో వీటి జాలీలో రెండు నెలలకోసారి సున్నం పేరుకుంటుంది. విప్పి, నిమ్మరసంలోనో వెనిగర్‌లోనో ఒక రాత్రి నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దాలి. ఈ సంగతి అమ్మేవాళ్లు చెప్పరు. ధార రావడం లేదని చాలామంది తీసి పారేస్తారు.

తాగే నీళ్ల మెషిన్ దగ్గర ఒక తప్పు చేశాను. మా ఆర్వో ఒక లీటరు మంచినీళ్లు ఇవ్వడానికి దాదాపు మూడు లీటర్లు బయటికి వదిలేది. ఆ వదిలిన నీళ్లు వృథా ఎందుకని బకెట్లో పట్టి గులాబీలకు, మల్లెకు పోశాను. మూడు వారాల్లో గులాబీ ఆకుల అంచులు కాల్చినట్టు గోధుమరంగులోకి మారాయి, కుండీల మట్టి మీద తెల్లగా ఉప్పు పేరుకుంది. సంపు నీళ్లలోని లవణాల్లో చాలావరకు ఆ వదిలిన నీళ్లలో చిక్కగా ఉంటాయి కదా. ఆ నీళ్లు ఇల్లు తుడవడానికి, బాత్రూమ్ కడగడానికి వాడుకోవచ్చు. మొక్కలకు వద్దు. ఆ మట్టిని రెండుసార్లు మంచినీళ్లతో బాగా తడిపి ఉప్పు కిందికి దించితే మల్లె బతికింది, రెండు గులాబీలు పోయాయి.

ఆ తర్వాత నీళ్లలో కరిగిన లవణాలు లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో చూపే టీడీఎస్ మీటర్ కొని నల్లా నీళ్లు విడిగా చూస్తే 280 చూపించింది. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దు 500. లవణాల విషయంలో కృష్ణా నీళ్లకు ఆర్వోతో పనే లేదన్నమాట. అయితే టీడీఎస్ తక్కువగా ఉంటే క్రిములు లేవని అర్థం కాదు. అందుకని ఇప్పుడు తాగే నీళ్లు సంపులో కలవకుండా నేరుగా నల్లా దగ్గరే పట్టి, మరిగించి, రాగి బిందెలో పోసుకుంటున్నాం. రోజుకు 30 లీటర్ల పైన అక్కడే మిగిలాయి.

ఇక మొక్కలు. నాకు అన్నిటికంటే కష్టమైంది ఇదే, ఇష్టమైంది కూడా ఇదే. డాబా మీద నలభై కుండీలు, కింద ఇంటి ముందు పన్నెండడుగుల లాన్, ప్రహరీ పక్కన జామ, కరివేపాకు, మందారం, నందివర్ధనం. రోజూ సాయంత్రం పైపు పట్టుకుని అరగంట నిలబడటం నాకు బడి అలసట తీర్చేది. రాడ్డుతో చూస్తే ఆ అరగంట నాలుగు అంగుళాలు, 340 లీటర్లు. మొక్కలు మానేయాలా అని రెండు రోజులు ఆలోచించాను. మానలేదు, మానాల్సిన పని కూడా లేదని తర్వాత తెలిసింది.

ముందు లాన్ తీసేశాం. మన ఎండకు, మన నేలకు లాన్ సరిపడదని నా గట్టి అభిప్రాయం. నీడ ఇవ్వదు, కాయ ఇవ్వదు, పువ్వు ఇవ్వదు, అన్నిటికంటే ఎక్కువ నీళ్లు తాగుతుంది. ఆ జాగాలో నూరువరహాలు, గన్నేరు, ఒక మునగ మొక్క పెట్టాం.

తర్వాత వేలితో చూడటం అలవాటు చేసుకున్నాను. చూపుడు వేలు రెండో కణుపు దాకా మట్టిలోకి గుచ్చాలి. లోపల చల్లగా, తడిగా ఉంటే ఆ రోజు నీళ్లు వద్దు. పైమట్టి ఎండినట్టు కనిపించినంత మాత్రాన మొక్కకు దాహం వేసినట్టు కాదు. మొదటి రోజే నలభై కుండీల్లో సగానికి పైగా లోపల తడిగా ఉన్నాయి. ఏళ్ల తరబడి రోజూ పోస్తూ వచ్చాను! కుండీల అడుగు రంధ్రాల్లోంచి డాబా మీదికి కారి, డాబా మీంచి గొట్టంలోకి, గొట్టంలోంచి మోరీలోకి పోయినవి ఎన్నో.

మట్టిని కప్పి ఉంచడం ఇంకో పెద్ద మార్పు. వీధిలో కానుగ చెట్టు ఆకులు ఊడ్చి తగలబెడుతుంటే, ఆ చెత్త మాకు ఇవ్వమని ఊడ్చే అమ్మను అడిగాను. రెండు గోనెసంచుల ఎండుటాకులు, కొబ్బరికాయల పీచు తెచ్చి ప్రతి కుండీలో రెండంగుళాల మందాన పరిచాం. ఏప్రిల్ ఎండలో కూడా ఆకులు పక్కకు తీస్తే కింద మట్టి నల్లగా, చెమ్మగా ఉండేది. వాటి కింద వానపాములు చేరాయి. కుండీలన్నిటినీ ఒకచోటికి జరిపి దగ్గర దగ్గరగా పెట్టి, పైన ఆకుపచ్చ షేడ్ నెట్ కట్టాం.

బీర, కాకర, టమాటాకు మట్టి ముంతలు పాతాం. పెద్ద కుండీ మధ్యలో, నున్నటి పూత లేని మామూలు ముంతను మూతి వరకు పూడ్చి, నీళ్లు నింపి, పైన మట్టి మూకుడు మూయాలి. మూత లేకపోతే దోమలు చేరతాయి. ముంత గోడల్లోంచి నీళ్లు నెమ్మదిగా ఊరుతుంటాయి, చుట్టూ మట్టి ఎండిన కొద్దీ ఎక్కువ లాక్కుంటుంది. మూడు రోజులకొకసారి నింపితే చాలు. ఎండాకాలం చివర ఒక ముంత పగిలితే బయటికి తీశాను. బీరతీగ వేళ్లు దాని చుట్టూ తెల్లటి వలలా అల్లుకుని, పెంకుకు అంటుకుపోయి ఉన్నాయి. పాప దాన్ని ఎండబెట్టి అల్మరాలో పెట్టుకుంది.

స్నానాల నీళ్లు అరటికి, చామకు పారించడం మన పల్లెల్లో ఎప్పటి నుంచో ఉన్నదే. అత్తమ్మ గది బాత్రూమ్ గొట్టాన్ని ప్రహరీ పక్కకు తిప్పించి, ఒక చిన్న కంకర గుంత చేసి, దాని చుట్టూ మెట్టతామర, రెండు అరటి పిలకలు పెట్టాం. సబ్బు నీళ్లు ఆకుకూరలకు మాత్రం పోయను. వాషింగ్ మెషిన్ చివరి జాడింపు నీళ్లు డ్రమ్ములో పట్టి పోర్టికో కడగడానికి, ఫ్లష్‌కి వాడుతున్నాం. ఒకసారి ఊరెళ్లి వచ్చేసరికి డ్రమ్ములో మూడు రోజుల నీళ్లు కుళ్లు వాసన కొట్టాయి. వాడిన నీళ్లు ఏ రోజువి ఆ రోజే అయిపోవాలని అప్పుడు నియమం పెట్టుకున్నాం.

ఏప్రిల్ మూడో వారానికి రాడ్డు 11 దగ్గర, మే మొదట్లో 10 దగ్గర నిలిచింది. 850 లీటర్లు, తలకు 121. ఐదు రోజులకొక ట్యాంకర్ తెచ్చుకున్న మేం మేలో రెండంటే రెండు తెచ్చుకున్నాం. ఎవరం దాహంతో లేం, మురికిగా లేం, మొక్కలు వాడిపోలేదు.

అప్పుడు వాన గురించి ఆలోచించే ధైర్యం వచ్చింది. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది సరిగ్గా ఒక లీటరు. మా డాబా 1200 చదరపు అడుగులు, అంటే 111 చదరపు మీటర్లు. ఐదు సెంటీమీటర్ల గట్టి వాన ఒక్కటి కురిస్తే డాబా మీద 5550 లీటర్లు పడతాయి. ఒక ట్యాంకర్ కంటే ఎక్కువ! పదమూడేళ్లుగా అవి రెండు గొట్టాల్లోంచి రోడ్డు మీదికి పోతుంటే, వర్షం బాగా పడిందని కిటికీలోంచి చూసి సంతోషించాం.

ఒక గొట్టాన్ని సంపుకి, ఇంకో గొట్టాన్ని బోరు దగ్గర ఇంకుడు గుంతకి కలపాలని అనుకున్నాం. సంపు వైపు పని సాఫీగా అయిపోయింది. నీలం రంగు 200 లీటర్ల డ్రమ్ములో కంకర, బొగ్గు, దొడ్డు ఇసుక వరుసలు వేసి, దానికి ముందు ఒక గేట్ వాల్వ్ పెట్టాం. వాన మొదలైన మొదటి పది నిమిషాల నీళ్లలో దుమ్ము, పావురాల రెట్ట ఉంటాయి. అవి బయటికి వదిలేశాక వాల్వ్ తిప్పాలి.

గుంత దగ్గరే దెబ్బతిన్నాం. బోరుకు ఐదడుగుల దూరంలో నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల లోతు తవ్వించాం. నాలుగడుగులు దాటాక గట్టి మొరం తగిలింది. అది మంచిదే, మొరంలో నీళ్లు ఇంకుతాయి. కానీ తవ్వినతను పక్కన కూల్చిన గోడ తాలూకు సిమెంటు పెళ్లలు, ఇటుక ముక్కలు, పొడితో సహా నింపేసి పైన సన్న ఇసుక పోశాడు. నేను ఆ రోజు బడిలో ఉన్నాను. జూన్‌లో మొదటి వానకు గుంత నిండింది. సాయంత్రం అలాగే ఉంది, మర్నాడు పొద్దున కూడా అలాగే, పైన దోమలు. సిమెంటు పొడి, సన్న ఇసుక తడిసి అడుగున బురదలా పట్టేశాయి. కూలి మళ్లీ ఇచ్చి మొత్తం తోడించాం. ఈసారి సెలవు పెట్టి దగ్గరుండి, అడుగున మూడడుగులు 40 ఎంఎం కంకర, పైన అడుగున్నర 20 ఎంఎం, ఆ పైన జాలీ పరిచి అర అడుగు దొడ్డు ఇసుక, మిగతాది ఖాళీ. నీళ్లు గుంతలోకి దిగే ముందు మట్టి నిలిచిపోయేలా పక్కనే చిన్న తొట్టి కట్టించాం. ప్రతిదీ వేసే ముందు కంకరను కడిగించాను. మేస్త్రీకి అది చాదస్తంగా అనిపించినా కాదనలేదు.

ఇంకుడు గుంత తవ్వించేవాళ్లు ఎవరైనా ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి: నింపే రోజు ఇంట్లో ఉండండి. వాడిన నీళ్లు, మురుగు గొట్టం దాని దరిదాపుల్లోకి రానివ్వకండి, అది నేరుగా భూమిలోకి వెళ్లే దారి. వడకట్టకుండా వాననీళ్లను తిన్నగా బోరు గొట్టంలోకి కూడా వదలకూడదు.

జూలైలో ఒక రాత్రి గట్టి వాన వచ్చింది. పాప గొడుగు పట్టుకుని, నేను వాల్వ్ దగ్గర. పది నిమిషాల తర్వాత వాల్వ్ తిప్పితే సంపులో జలపాతంలా చప్పుడు. గుంత దగ్గర టార్చ్ వేస్తే నీళ్లు ఇసుక మీద ఒక్క క్షణం నిలిచి, చిన్న బుడగలు వదులుతూ లోపలికి పోతున్నాయి. ఎంత పోసినా పోతున్నాయి. అత్తమ్మ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని, "తాగుతున్నది, భూమి తాగుతున్నది" అని రెండుసార్లు అంది. వాన ఆగాక రాడ్డు దింపితే సంపు నిండింది.

ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో కురిసిన వానలు అందరికీ గుర్తే. బుడమేరు పొంగి విజయవాడ మునిగిన రోజులవి. అక్కడ మా చెల్లెలు రెండు రోజులు మేడ మీదే ఉంది, చుట్టూ నీళ్లు, తాగడానికి మాత్రం లేవు. ఆ రోజుల్లో మా గుంత గురించి సంతోషంగా ఎవరికీ చెప్పబుద్ధి కాలేదు.

సెప్టెంబరు నెలాఖరున బోరు మోటారు వేస్తే ముందు ఎర్ర నీళ్లు, తర్వాత తెల్లటి ధార. ఆ నీళ్లన్నీ మా గుంత ఇచ్చినవేనని అనను. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. రాతి పగుళ్లకు ప్రహరీ గోడలు ఉండవు, మేం ఇంకించింది పక్కింటి బోరులో తేలి ఉండవచ్చు, వాళ్ల ఖాళీ స్థలంలో ఇంకింది మాకు వచ్చి ఉండవచ్చు. అందుకే మా వీధిలో ఇంటింటికీ తిరిగి చెప్పాను. నాలుగిళ్లవాళ్లు గుంతలు తవ్వించారు. 2025 ఎండాకాలంలో ఏప్రిల్ సగం దాకా బోరు రోజూ ఇరవై నిమిషాలు నడిచింది, తర్వాత రోజు విడిచి రోజు పది నిమిషాలు. ట్యాంకర్లు మొత్తం సీజన్‌లో రెండు. వాషర్ల నుంచి గుంత రెండోసారి నింపడం దాకా మాకు అయిన ఖర్చు 34 వేలు.

అత్తమ్మ గది బాత్రూమ్ నీళ్లు తాగిన అరటి ఈ మధ్యే గెల వేసింది. పైన కిరాయికి ఉన్న అమ్మాయి అది చూసి, "అక్కా, మా స్నానాల నీళ్లు కూడా కిందికి దింపరాదూ?" అని తనే అడిగింది. దానికి వెనక గోడ కొంచెం కొట్టాలి. వాళ్ల బాబు పరీక్షలు అయ్యేదాకా చప్పుడు వద్దని ఆగాం. పైపు, మూడు ఎల్బోలు తెచ్చి మెట్ల కింద పెట్టాం. అత్తమ్మ ఇప్పటికే ఒక అరటి పిలకను తవ్వి తీసి, దుంపకు తడి గోనెపట్టా చుట్టి జామచెట్టు నీడలో ఉంచింది.